తాళాలన్న తలుపు

మెట్ల కింద రెండు బారలంత జాగాలో ఉంటుంది ఆయన దుకాణం. ఒక స్టూలు, తాళంచెవుల పళ్లు కోసే మిషను, గోడ నిండా మేకులు, మేకులకు వందలకొద్దీ తాళంచెవులు. వీధి వీధంతటికీ ఆయన తాళాలన్న. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దానితో మనకు పని లేదు. యాభై రెండేళ్ల మనిషి, ముక్కు మీదే కోపం. సబ్బుబిళ్ల మీద అచ్చు తీసుకొచ్చి "ఇలాంటిదొకటి చేసిపెట్టు" అన్నవాడికి చెమటలు పట్టేదాకా ప్రశ్నలు వేసి, ఆ సబ్బుతోనే స్నానం చేసుకోమని పంపేస్తాడు.

ఆ గోడ మీద లేని గుత్తి ఒకటి ఆయన చొక్కా లోపలి జేబులో ఉంటుంది. దానికి పదకొండు తాళంచెవులు. వేటి మీదా పేర్లుండవు. ఆకురాయితో పెట్టుకున్న చిన్న గాట్లను బట్టి ఏది ఎవరిదో ఆయనకొక్కడికే తెలుస్తుంది. అవి ఒంటరిగా బతికే పదకొండుమంది మగవాళ్ల ఇళ్లవి. అందరూ ఆయనలాగే మగవాళ్ల మీద మనసుపడేవాళ్లు. అందులో ఇద్దరు ఆడవాళ్లనూ అంతే ఇష్టపడతారు, కాబట్టి వాళ్లకు చీవాట్లు రెండువైపుల నుంచీ.

ఈ గుత్తి ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. తాను ఎలాంటివాడో ఆయన ఇంట్లో చెప్పేశాడు. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి ఎదురుగా ఉన్న కొడుకుతో మాట్లాడాలన్నా భార్యను మధ్యలో పెట్టాడు. "వాణ్ని తినమను." "వాణ్ని ఆ ఫ్యాను ఆపమను." ఏడాది గడిచేసరికి తాళాలన్న వేరే గది తీసుకున్నాడు. అప్పుడే, నాలుగేళ్లుగా ప్రాణంలా చూసుకున్న స్నేహితుడు బదిలీ అడిగి మరీ ఊరు దాటిపోయాడు. తాళాలన్న ఏడవను కూడా లేదు. ఒక ఉదయం లేవబోతే కాళ్లు చేతులు తనవి కావనిపించాయి. పళ్లు తోముకోవడం కూడా కొండంత పనైపోయింది. తలుపు గడియ పెట్టుకుని పడుకుండిపోయాడు. డిప్రెషన్ అంటే పనీపాటా లేనివాళ్లకు వచ్చే జబ్బని సెలవిచ్చే మహానుభావులు కొందరున్నారు, వాళ్లకో నమస్కారం. ఆయన చేతిలో అప్పటికి నలభై తాళాల పని ఉంది.

తలుపు కొట్టి కొట్టి అందరూ విసిగిపోయారు. విసిగిపోనిది అక్క ఒక్కతే. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. గుమ్మం ముందు బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని కూరగాయలు తరుగుతూ లొడలొడా మాట్లాడేది. మొగుడి గురక, పక్కింటి కుళాయి, ఆఫీసులో గుమాస్తా కొత్త జోళ్లు, ఏదైతేనేం. పంతొమ్మిదో రోజున చిన్ననాటి సైకిలు సంగతి ఎత్తింది. సైకిలు తీసుకెళ్లి నాన్న మీదికి పోనిచ్చింది తనేనట, తమ్ముడు వెనక కూర్చుని ఏడ్చాడట.

లోపల్నుంచి బొంగురుగొంతు వినపడింది. "తొక్కింది నేను. ఏడ్చింది నువ్వు."

"ఏంటీ? సరిగ్గా వినపడటం లేదురా. తలుపు తీసి చెప్పు."

తీశాడు. అక్క ఆ గడ్డాన్నీ ఆ కళ్లనూ చూసి, "ఏడ్చింది నువ్వే," అని తనే ఏడ్చేసింది. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మొదటి మాత్ర పని చెయ్యలేదు, రెండోది పగలంతా నిద్రలో ముంచేసింది, మూడోది కుదిరింది. మళ్లీ ఆకురాయి చేతపట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు లెక్కల మాస్టారు దుకాణానికి వచ్చాడు. రిటైరైన మనిషి, ఆయనా ఇలాంటివాడే. మారు తాళంచెవి చేయించుకుని, "ఇది నీ దగ్గరే ఉంచవయ్యా. నేను లోపల పడిపోతే పాలప్యాకెట్లు గుమ్మంలో పోగుపడేదాకా ఎవరికీ తెలీదు," అన్నాడు. ఒకరి నోట ఇంకొకరికి పాకి, ఒకటి పదకొండైంది. పద్ధతి కూడా ఏర్పడింది. పొద్దున్న ఎనిమిదికల్లా అందరూ ఆయన ఫోనుకు ఒక చుక్క పంపాలి. మాటలక్కర్లేదు, చుక్క చాలు. పదైనా చుక్క రాకపోతే దుకాణం మూసి ఆ ఇంటికి వెళ్తాడు. తాళంచెవి జేబులోనే ఉంటుంది గానీ వెంటనే తియ్యడు. లోపల్నుంచి అలికిడి ఉన్నంతసేపూ గుమ్మం ముందు కూర్చుని, లోపలివాడికి బాగా తెలిసిన సంగతి ఏదో ఎత్తుకుని తప్పులతడకగా చెప్పుకుపోతాడు. మాస్టారు ఒకసారి ముడుచుకుని పడుకున్నప్పుడు, త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే మూడువందల అరవై అని వాదించాడు. మాస్టారు అరగంట ఓర్చుకుని, "నూట ఎనభైరా మూర్ఖుడా!" అంటూ తలుపు తెరిచాడు. ఇన్నేళ్లలో తాళంచెవి వాడాల్సి వచ్చింది రెండుసార్లే. ఆ రెండుసార్లూ సమయానికే అందాడు, ఆ ఇద్దరూ ఇవాళ నిక్షేపంలా ఉన్నారు. ఇంతకంటే గొప్ప పని చేసినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

కానీ మనిషికో లోపముంటుంది కదా. అక్కను ఒకవైపు, ఈ పదకొండుమందిని ఇంకోవైపు ఉంచుకోవడం ఆయనకు పాత భయం నేర్పిన అలవాటు. "మా అక్క పంతొమ్మిది రోజులు తలుపు బయట కూర్చుంది," అన్నంతవరకే వాళ్లకు తెలుసు. ఎనిమిది నెలల కిందట ఆ అక్క పోయింది. ఆయన వెళ్లి, ఒక మూల నిలబడి, వచ్చేశాడు. ఎవరికీ చెప్పలేదు. తన ఇంటి తాళంచెవి అక్క దగ్గర ఒకటి ఉండేది, దాన్నీ తెచ్చేసుకున్నాడు. ఆ తలుపుకు ఉన్నది ఆయన స్వయంగా చేసిన ఐదు లీవర్ల తాళం, సొంత తాళంచెవికి తప్ప లొంగనిది. ఇప్పుడు దాని తాళంచెవులు రెండూ లోపలే ఉన్నాయి.

జబ్బు చెప్పి రాదు. ఒక సోమవారం ఆయన లేవలేదు. ఫోను మంచం కింద పదకొండు చుక్కలతో మినుకుమినుకుమంది. ఆయన చుక్క ఎవరికి పోవాలి? ఆ మాట అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

రెండోరోజు దుకాణం మూసి ఉండటం మాస్టారు చూశాడు. గుత్తిలో ఒక గాటువాడైన బస్సు కండక్టరును వెంటబెట్టుకుని తాళాలన్న ఇంటికి పరుగున వచ్చాడు. కొడితే పలుకు లేదు, మంచం కిర్రుమన్న చప్పుడు మాత్రం వినపడింది. మాస్టారు మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఏమయ్యా కండక్టరూ, రెండు లీవర్ల తాళానికీ ఐదు లీవర్ల తాళానికీ తేడా ఏం లేదట, తెలుసా?" అన్నాడు గట్టిగా.

లోపల తాళాలన్న గోడవైపు తిరిగాడు. తన ఎత్తే, తన మీదే వేస్తున్నారు. వెయ్యనీ. తాళాలన్నీ ఒకటే అననీ, భూమి బల్లపరుపు అననీ. ఏది తప్పైతే ఏం, ఏది ఒప్పైతే ఏం?

గంటసేపు తప్పులు చెప్పి చెప్పి మాస్టారి గొంతు ఎండిపోయింది. ఇక ఆయనకు ఎత్తులేవీ మిగల్లేదు. పక్కనున్న కండక్టరుతో నీరసంగా అన్నాడు. "వీళ్లక్క ఎలాంటి మనిషో గానీ చెయ్యెత్తి మొక్కాలి. పాపం, నోట్లో నాలుక లేని మనిషై ఉంటుంది. ఒక్క మాట మాట్లాడకుండా పంతొమ్మిది రోజులు మౌనంగా కూర్చుందంటే..."

ఇది ఎత్తు కాదు. మాస్టారు నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆ సంగతి గొంతులోనే తెలిసిపోయింది. తాళాలన్న కళ్లు తెరిచాడు. తాను ఇలాగే పడుండి ఇక్కడే పోతే, అక్క ఈ లోకంలో ఒక మౌనమునిగా మిగిలిపోతుంది. లొడలొడా వాగే తన అక్క! అది తప్పని చెప్పడానికి తానొక్కడే ఉన్నాడు.

తాళం తిప్పిన చప్పుడుకు మెట్టు మీదివాళ్లు ఉలిక్కిపడ్డారు.

"నోట్లో నాలుక లేకపోవడమా? మా అక్కకా?" గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "బస్సు దిగిన దగ్గర్నుంచీ బస్సెక్కేదాకా నోరు మూసేది కాదు మాస్టారూ! ఆవిడ గొంతుకు పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసేది!"

చెబుతూ చెబుతూ గుమ్మంలోనే కూలబడ్డాడు. ఎనిమిది నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. కండక్టరు ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. మధ్యాహ్నం దాకా ఆయన అక్క గురించి చెబుతూనే ఉన్నాడు, వాళ్లు వింటూనే ఉన్నారు. సాయంత్రం ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు.

దుకాణం తెరవడానికి రెండు నెలలు పట్టింది. తెరిచిన రోజున మొదట చేసిన పని, అక్క తాళంచెవిని అక్కదిగానే దాచుకుని, తన ఇంటికి ఇంకో మారు తాళంచెవి చెయ్యడం. ఆ పళ్లు మిషను కొయ్యలేదు, ఆకురాయితో చేత్తో రుద్దాల్సిందే. రుద్ది, ఊది, తీసుకెళ్లి మాస్టారు చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్న, జీవితంలో మొదటిసారి, ఆయన ఒక చుక్క పంపాడు.

మాస్టారి జవాబు ఆ క్షణమే వచ్చింది. "ఎనిమిదీ రెండు. లేటు. తాళంచెవి పట్టుకుని సగం దారి వచ్చేశాను."