తిప్పతీగకు బిలాస్‌పూర్ నీళ్ళు

మా నాన్న రైల్వే గార్డుగా రిటైరై బిలాస్‌పూర్ పక్కనే ఉన్న ఉస్లాపూర్‌లో ఇల్లు కట్టుకోగానే పెరట్లో వేపచెట్టు మీదికి తిప్పతీగ పాకించాడు. వేప మీద పాకిన తీగకే పవరుంటుందట. రోజూ పొద్దున్నే కాడ దంచి, కషాయం కాచుకుని తాగేవాడు. రైల్వే ఆసుపత్రిలో ఇచ్చిన షుగర్ మాత్రలూ వేసుకునేవాడు గానీ, పాపం వాటికి ఏనాడూ పేరు దక్కలేదు. షుగర్ తగ్గితే తీగ గొప్పతనం, పెరిగితే డాక్టరు చేతకానితనం.

ఒకసారి పెళ్ళికని ఒక్కడే శ్రీకాకుళం వెళ్ళాడు. కాడల్ని తడిగుడ్డలో చుట్టి మరీ పట్టుకెళ్ళాడు. మాత్రలు ఇంట్లోనే మర్చిపోయాడు. అక్కడ కళ్ళు తిరిగి పడిపోతే పరీక్ష చేయించారు. షుగర్ ఆకాశాన్నంటింది. తిరిగొచ్చాక తీరిగ్గా ఆలోచించి కారణం కనిపెట్టాడు.

"నీళ్ళు మారిపోనాయి. బిలాస్‌పూర్ నీళ్ళల్లో కాస్తేనే ఈ తీగ పన్జేస్తాది."

"మాత్రలు మరిసిపోనారు గదా, మరదేటి?" అంది అమ్మ.

"అచ్ఛా! నీకేటి తెలుసు?"

మరుసటిసారి మా కుళాయి నీళ్ళు పెద్ద క్యానుతో పట్టుకుని రైలెక్కాడు. అమ్మ వాదించలేదు. మాత్రలు సంచిలో వేసుకుని తనూ వెంట వెళ్ళి, రెండు పూటలా దగ్గరుండి మింగించింది. షుగర్ అదుపు తప్పలేదు. నాన్న ఆ విజయాన్ని వీధి వీధంతా చాటాడు.

ఇప్పుడు మా వీధిలో ఊరికి బయల్దేరే ప్రతి తెలుగాయన చేతిలోనూ ఒక నీళ్ళ క్యాను ఉంటుంది. అమ్మ సంచిలో ఏముందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.