బడి బల్లల మీద పండగ భోజనం

నా చిన్నప్పుడు మా ఇంట్లోనే కాదు, మా ఊళ్ళో ఎవరింట్లోనూ భోజనాల బల్ల లేదు. కొల్లేటి మధ్య లంక ఊరు మాది. నేల అలికి, చాపో పీటో వేసుకుని తినడమే తెలుసు. బల్ల ముందు కూర్చుని నేను మొదటిసారి తిన్నది మా ఇల్లు పోయిన ఏడు, దీపావళి నాడు, ఏలూరులో ఒక బడి వసారాలో.

ఆ ఏడు తుపానుకి తమ్మిలేరు పొంగి, కొల్లేరు ఊళ్ళోకి వచ్చేసింది. మట్టిగోడలు నానిపోయి ఇల్లు కూలబడింది. గేదెల్ని పలుపులు విప్పి వదిలేశాం. అవి ఎటు పోయాయో తెలియలేదు. పడవల మీద మమ్మల్నందరినీ తెచ్చి ఆ బడిలో దింపారు. నేను ఏడవలేదు. చూసినవాళ్ళు గట్టిపిల్ల అన్నారు. అది గట్టితనం కాదు. చల్లటి నీళ్ళలో చాలాసేపు నిలబడితే కాళ్ళు మనవి కానట్టు ఉంటాయే, నాకు లోపలంతా అలా ఉండేది.

మా తాతయ్య సంగతి ఇంకా వేరు. ఊళ్ళో మా ఇల్లు పడవల రేవు పక్కనే. పడవ దిగిన వాళ్ళెవరినీ అన్నం పెట్టకుండా పంపిన మనిషి కాదు ఆయన. బడిలో రెండు పూటలా బండి మీద అన్నం, పప్పు వచ్చేవి. గిన్నె పట్టుకుని వరసలో నిలబడాలి. తాతయ్య ఒక్కపూట కూడా నిలబడలేదు. అమ్మ తెచ్చి ముందు పెడితే, "పిల్లలకి పెట్టవే, నాకు ఆకలి లేదు" అని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మజ్జిగ నీళ్ళు తప్ప లోపలికేమీ పోవడం లేదు. లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. ఆయన నిద్రపోతున్నప్పుడు అమ్మ ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం నా కంటపడింది.

బడి ఎదురింట్లో ఒక మేష్టారుగారు ఉండేవారు. ఆయన భార్యను మేమంతా పిన్నిగారు అనేవాళ్ళం. తాతయ్యకి మజ్జిగ పంపేది ఆవిడే. దీపావళి పొద్దున్నే వచ్చి, గదుల్లో ఉన్న పొడుగుబల్లలన్నీ వసారాలోకి మోయించి, ఒకదాని పక్కన ఒకటి చేర్పించి, తడిబట్టతో తుడిపించింది. ఈ పూట వరస లేదు, అందరూ కూర్చునే తినాలి అంది. దొరికిన అరటాకులేమో తుపానుకి పడిపోయిన తోటల్లోవి, అన్నీ చీలికలైపోయినవి. ఆవిడ వాటిని పారేయలేదు. చీలికల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిచింది. తన పెరట్లో వానకి నేలవాలిన బంతిపూలు బురదతోనే కోసుకొచ్చి, బకెట్లో పోసి నన్ను కడగమంది. వాటిని చెంబుల్లో పెట్టి బల్లల మధ్యన నిలబెట్టింది. ఆఖరున తరగతి గదిలోంచి సుద్దముక్క తెచ్చి నా చేతికిచ్చి, ప్రతి ఆకు చుట్టూ ముగ్గు గీయమంది.

మా ఊరావిడ ఒకావిడ నడుం మీద చెయ్యి వేసుకుని చూసి, "కొంపలు మునిగి మేముంటే పూలూ ముగ్గులూనా పిన్నిగారూ? పెళ్ళివారం అనుకున్నారా ఏంటండీ?" అంది.

"పెళ్ళివారికైతే పీటలు వేసేదాన్నండీ. అవి లేకే కదా బల్లలు మోయించాను!" అంది పిన్నిగారు చేతిలో పని ఆపకుండా. మా ఊరావిడ ఫక్కున నవ్వింది. ఆ బడిలోకి వచ్చాక పెద్దవాళ్ళు నవ్వగా వినడం అదే మొదలు.

నేను నవ్వలేదు. ముగ్గులు గీస్తూ పోయాను. చివరి ఆకు దగ్గర పిన్నిగారు వంగి, "ఇది కాస్త పెద్దది గియ్యవే. ఇక్కడెవర్నీ కూర్చోనివ్వకు" అంది. ఎవరికని అడగకుండానే పెద్దది గీశాను.

అందరూ కూర్చున్నారు. ఆకుల్లో అన్నం పడింది. పిన్నిగారు పప్పు బకెట్ తీసుకుని తిన్నగా తాతయ్య దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిగారూ, మీ ఊరి బంతి కూర్చుందండి. ఎవరికి ఎంత కావాలో, ఎవరు అడగడానికి మొహమాటపడతారో నాకేం తెలుసు? మీరొచ్చి వడ్డించాలి."

తాతయ్య గోడ వైపే చూస్తూ, "వడ్డించడానికి నాదేముందమ్మా ఇక్కడ?" అన్నాడు.

"మీదేమీ అడగట్లేదండీ. చెయ్యి సాయం అడుగుతున్నాను. పప్పు చల్లారిపోతోంది" అని గరిటె ఆయన చేతిలో పెట్టేసింది.

ఆడకూతురు సాయం అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు. లేచాడు. కండువా నడుముకి బిగించాడు. బకెట్ ఎత్తే బలం లేదు. ఒక పక్క ఆయన, ఒక పక్క నేను పట్టుకున్నాం. మొదటి ఆకు దగ్గర పప్పు ఒలికి నా ముగ్గు మీద పడింది. కొంచెం ముందుకి వెళ్ళి మా ఊరి కుర్రాడొకడి ఆకు దగ్గరికి వచ్చేసరికి ఆయనకి గొంతు వచ్చింది.

"ఏరా, మొహమాటమా? మా ఇంట్లో పప్పు గిన్నె ఊడ్చి తినేవాడివి కదరా!"

"ఇప్పుడూ ఊడుస్తాను మావయ్యా. బకెట్ ఇక్కడ పెట్టెళ్ళిపో."

వడ్డించినవాళ్ళు ఆఖరున కూర్చుని తినడం మాలో పద్ధతి. తినకుండా వెళ్ళిపోతే తిన్నవాళ్ళందరినీ అవమానించినట్టు. పిన్నిగారికి ఆ సంగతి తెలుసు. ఆ పెద్ద ముగ్గు ముందు తాతయ్యని కూర్చోబెట్టి, గరిటె తను అందుకుంది. తాతయ్య ఆకు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కలుపుకున్నాడు.

సంతోషంగా తిన్నాడని చెప్పను. రుచి తెలిసినట్టు కూడా లేదు. తల ఎత్తకుండా తిన్నాడు. అమ్మ స్తంభం చాటుకి వెళ్ళి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేమీ అనిపించలేదు. ఆయన పక్కన కూర్చుని, ఆయన ముద్ద పెట్టుకున్నప్పుడల్లా నేనూ ఒక ముద్ద పెట్టుకున్నాను. బల్లలు కడిగితే ముగ్గులు పోయాయి. మర్నాటి నుంచి కూడా తాతయ్య వరసలో నిలబడలేదు సరిగదా, వరసే తీయించేశాడు. బండి రాగానే అందరినీ కూర్చోబెట్టి, గరిటె తను పట్టుకునేవాడు.

నా చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. మామ్మనయ్యాక, అలంకారాల పేరుతో డబ్బు తగలేస్తే ఊరుకోనని నాకు పేరు. మొన్న దసరాకి తాడేపల్లిగూడెంలో మా అబ్బాయి ఇంట్లో అందరం కలిశాం. మా ఆయన సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి పండగ. మనవరాలు డైనింగ్ టేబుల్ మీద జరీ గుడ్డ పరిచి, గాజు గిన్నెల్లో పూలు తేల్చి, కొవ్వొత్తులు వెలిగించి, "మామ్మా, బావుందా?" అని అడిగింది. మామూలుగా అయితే ఆ గుడ్డ ఎంతకి కొన్నారు, మరక పడితే పోతుందా అని నిలదీసేదాన్ని. ఆ రోజు "బావుందే" అన్నాను. కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది. నేను తిట్టకపోతే ఆ ఇంట్లో వాళ్ళకి భయం.

నన్ను కూర్చోబెట్టి కంచం పెట్టారు. పూలున్నాయి, వెలుగుంది, పిల్లల మాటలున్నాయి. నాకు లోపల మళ్ళీ ఆ చల్లటి నీళ్ళే. ముద్ద నోటిదాకా రాలేదు. లేచాను.

"గరిటె ఇలా ఇవ్వమ్మాయ్."

"మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను వడ్డిస్తున్నానుగా."

"నువ్వూ కూర్చో. ముందు ఆ జరీ గుడ్డ తీసి మడత పెట్టండి. పప్పు పడితే వదలదు."

"హమ్మయ్య, మామ్మ తిట్టింది!" అంది మనవరాలు. అందరూ నవ్వారు. నేను వడ్డించుకుంటూ వెళ్ళాను. తండ్రి పోయినప్పటి నుంచి మా అబ్బాయి మారు అడగడం మానేశాడు. వాడికి అడగకుండానే ఇంకో గరిటె వేశాను. వాడు తలెత్తి నా వైపు చూసి, తినేశాడు.

అందరికీ అయ్యాక నా కంచం ముందు కూర్చున్నాను. వడ్డించినదాన్ని, తినక తప్పదు. రుచి తెలియలేదు. మెతుకు మిగల్చలేదు.