గాజుపెంకుతో గీకిన పేరు

ముప్పై ఏళ్లు దాటింది. గుప్పెడు చెక్కపొడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది. నాకు సంతకం దాకానే వచ్చు. నా పేరు మాత్రం రాయొద్దన్నాను. పేరు చెప్పుకునే పని కాదు నేను చేసింది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో మాట. మా వైపు ఎక్కడ చూసినా పత్తే, ప్రతి ఇంట్లో ఒక మందు పంపు. ఆ పంపులు బాగుచేయడం మా ఆయన పని. లోపల గాలిని నెట్టే తోలు వాషరు అరిగితే, కొత్తది కోసి, ఆముదంలో ఒక రోజంతా నానబెట్టి వేసేవాడు. దావీదు తన గాలి తుపాకి మా ఇంటికి తెచ్చిందీ అందుకే. అందులోనూ అలాంటి వాషరే.

దావీదు మిషన్ బంగళాలో వంటవాడు. అక్కడి దొర తన దేశం వెళ్లిపోతూ పిట్టలు కొట్టే ఆ పాత తుపాకి అతనికిచ్చి పోయాడు.

"గట్టిగా తన్నేదన్నా, ఇప్పుడు ముసలాడిలా దగ్గుతోంది," అన్నాడు.

"నూనె ఏం పోశావురా?"

"వంటింటిదే. ఒక్క గరిటె."

"తుపాకికి తాలింపు పెట్టావన్నమాట!" అని మా ఆయన ఒకటే నవ్వు.

విప్పాడు. జిడ్డు తుడిచి, తుపాకి వెనక చెక్క విడిగా చాప మీద ఆరబెట్టి, స్ప్రింగు కోసం వినుకొండ వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే కబురొచ్చింది. బంగళాకు కొత్తగా వచ్చిన మేనేజరు సామాన్ల జాబితా చూసి, తుపాకి దొంగతనం జరిగిందన్నాడట. పాత తుపాకుల సంగతి తెలిసిన పెద్దాయన్ని బ్రాడీపేట నుంచి పిలిపించి, తుపాకి మా దగ్గరుందని తెలిసి మా ఇంటికే తీసుకొస్తున్నాడట.

చెక్క తిరగేసి చూశాను. ఇనుము కూర్చునే గాడిలో కత్తితో చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు. బంగళా పేరనుకున్నాను. దొంగసొమ్ము మా ఇంట్లో దొరికితే మా ఆయన చేతులకు బేడీలే అనుకున్నాను. పిడులు నున్నగా చేసుకోవడానికి ఆయన వాడే గాజుపెంకు తీసుకుని గీకాను. పొడి రాలింది. పొయ్యి మసి ఆముదంలో కలిపి రుద్దాను.

పక్కింట్లో పదో తరగతి చదివే పిల్ల ఉంది. పిలిచి చదివించుకోవచ్చుగా? ఎందుకు పిలవలేదు? భయమా? లేక దావీదు దొంగే అయ్యుంటాడని, వంటవాడికి దొర తుపాకి ఎందుకిస్తాడని, నా మనసు అప్పటికే తీర్పు చెప్పేసుకుందా? ఇది నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. రెండోదే నిజమనిపిస్తుంది.

మధ్యాహ్నం వచ్చారు, దావీదును వెంటబెట్టుకుని. పెద్దాయన గొట్టం మీద ముద్రలు భూతద్దంతో చూసి, ఇంగ్లండులో చేసిందన్నాడు. తను పుట్టకముందుదన్నాడు. తోలుకు ఒక్క నూనెచుక్క చాలు, చెక్కను ఎండ తగలనివ్వకండి అని పసిబిడ్డ గురించి చెప్పినట్టు చెప్పాడు. తుపాకి ఎక్కడిదో తేలింది. ఎవరిదో తేలాలి.

దావీదు నవ్వుతున్నాడు. "ఆ గాడిలో చూడండయ్యా. దొరగారు నా పేరు చెక్కి ఇచ్చారు."

పెద్దాయన చూశాడు. వేలితో తడిమాడు. "ఇక్కడేదో ఉండేది. ఎవరో గీకేశారు. ఏమ్మా?"

"మాకేం తెలుసండీ. అది వచ్చినప్పుడే అలా ఉంది."

దావీదు నావైపు తిరిగాడు. "అక్కా, అన్న చూసే ఉంటాడుగా. నువ్వన్నా చెప్పక్కా."

ఆ మొహం చూడగానే తెలిసిపోయింది నాకు, అతను నిజమే చెబుతున్నాడని. నోరు తెరిస్తే చాలు. నేల చూశాను.

"బంగళా గుర్తు నువ్వే చెరిపి, పైగా నీ పేరుందంటావా?" అన్నాడు మేనేజరు.

తుపాకి పట్టుకుపోయారు. దావీదు పని పోయింది. ఆదివారాలు చర్చిలో కానుకల సంచి తిప్పేది అతనే. మళ్లీ అతని చేతికివ్వలేదు. ఆడకూలీల మధ్య కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీశాడు. రెండేళ్లకు ఊరొదిలి తుళ్లూరు వైపు పోయాడు. అక్కడే పోయాడని తర్వాత విన్నాం.

మా ఆయన ఆ అక్షరాలు చూడనేలేదట. జిడ్డు తుడిచేటప్పుడు తన చేతితోనే పోయాయనుకున్నాడు. బంగళాకు వెళ్లి అదే చెప్పాడు. వాళ్లు నమ్మలేదు. "వాడి బతుకు నా చేత్తో తుడిచేశానే," అని పోయేదాకా అనేవాడు. నేను పక్కనే కూర్చుని గంజి పట్టేదాన్ని. కాదయ్యా, నువ్వు కాదు, అనలేదు. ఆ ఒక్క మాటకు ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. అయినా అనలేదు.

మన్నించమని అడగడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. దేవుణ్ణి అడగను. అన్యాయం ఆయనకు చేయలేదు.

నేనే గీకాను. పట్టపగలు, ఎవరూ చెప్పకుండా, నా చేతులతో. దావీదుకు ఈ మాటతో ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. నాకు మాత్రం కాస్త ఊపిరాడుతోంది. అదీ సిగ్గుగానే ఉంది.