ముఖం కనిపించని కాపరి

నా చిన్నప్పుడు మా బాప్తిస్టు గుడిలో బొమ్మలుండేవి కావు. సున్నం కొట్టిన గోడ మీద ఒక వాక్యం, దాని కింద చెక్క సిలువ, అంతే. మా ఊరు వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఉప్పుగాలికి ఆ అక్షరాలు కూడా ఏటేటా పెచ్చులూడిపోయేవి.

ఒక వానాకాలం ఆ గోడ కూలిపోతే, మా సంఘంలోనే ఉన్న కంట్రాక్టరు ఒకాయన కొత్తగా కట్టించాడు. తప్పిపోయిన గొర్రెను వెతికి తెచ్చే కాపరి బొమ్మను దాని మీద వేయించాలన్నదీ ఆయనే. ఆ పని మా పెదనాన్నకు అప్పగించారు. పెదనాన్న శ్రీకాకుళంలో సినిమా బ్యానర్లు, దుకాణాల బోర్డులు వేసేవాడు. "యేసుబాబుకి హీరో మీసం పెట్టేస్తావేటిరా?" అని వరసైనవాళ్లు ఆటపట్టిస్తే, "మీసాలైతే నిద్దట్లోనైనా వేసేస్తాను. గడ్డంతోనే వచ్చింది తంటా" అని నవ్వేవాడు.

గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్న రోజున కంట్రాక్టరు చనిపోయిన తన తండ్రి ఫోటో పట్టుకొచ్చాడు.

"ఒరే బావా, కాపరికి మా అయ్య మొకం పెట్టు. ఊరు ఊరంతా గురుతెట్టుకుంటాది" అన్నాడు.

ఆ మాటలో గొప్ప ఉంది. ఫోటోను పైపంచెతో తుడిచి తుడిచి ఇచ్చిన తీరులో బెంగ కూడా ఉందని ఇన్నేళ్లకు అనిపిస్తోంది. పాస్టరు గారు ఫోటోకేసి ఒకసారి చూసి, చాపలు సర్దడానికి వెళ్లిపోయారు. గోడ కట్టించిన మనిషికి కాదని చెప్పడం ఆయనకు కష్టమైంది.

సంగతి మా మామ్మ చెవిన పడింది. మామ్మ పెదనాన్నకు తల్లి. ఫోటోలోని మనిషి ఒకప్పుడు ఉప్పుమళ్లలో మేస్త్రీ. మామ్మ అతని కిందే కూలి చేసింది.

"ఆ మొకం ఎదురుగా ఉంటే నాను గుళ్లో అడుగెట్టను" అంది పెదనాన్నతో. "నువ్వు గట్టు మీద గుక్కపట్టి ఏడస్తంటే, పాలిచ్చొస్తానయ్యా అని బతిమాలాను. రవికంతా తడిసిపోయినా వదిలాడేటిరా? ఇప్పుడు ఆడికి దండం పెట్టమంటావా?"

మామ్మకు చదువు రాదు. పాటలన్నీ ఆ గుడి చాప మీద కూర్చుని, పక్కవాళ్ల నోట విని నేర్చుకుంది. ఆదివారం లేకపోతే ఆమెకు వారమే లేదు. మామ్మ నిజంగానే మానేస్తుందని నాకు భయం పట్టుకుంది. పెదనాన్న దగ్గరికెళ్లి, "నువ్వు వెయ్యనని సెప్పేయొచ్చు కదా" అన్నాను.

"నాను వెయ్యనంటే ఇంకొకడొచ్చి వేస్తాడమ్మా. ఆ మొకం గోడెక్కక మానదు" అన్నాడు. బొగ్గు అంటిన అరచెయ్యి చూసుకుంటూ, "ఈ సెయ్యి దేవుడిచ్చిందే. దీంతో జనాల సేత ఎవుడికి దండం పెట్టిస్తన్నానో నానే సూసుకోవాల" అన్నాడు.

మర్నాడు గోడకు అడ్డంగా పాత బ్యానరు గుడ్డ కట్టేశాడు. పని అయ్యేదాకా దాని వెనక్కి ఎవర్నీ రానివ్వలేదు.

ఆదివారం ఆరాధనకు ముందు కంట్రాక్టరు బంతిపూల దండతో వచ్చి ముందు నిలబడ్డాడు. పెదనాన్న గుడ్డ లాగేశాడు.

కాపరి మాకు వీపు చూపిస్తూ ఉప్పుమళ్ల గట్టు మీద ఇంటిదారి పట్టి పోతున్నాడు. ముఖం కనిపించదు. ఆయన భుజాల మీద ఉన్నది ముద్దొచ్చే గొర్రెపిల్ల కాదు. బక్కచిక్కి, ఒళ్లంతా బురద పట్టిన ముసలి పొట్టేలు. అదొక్కటే మా వైపు చూస్తోంది.

"మా అయ్య ఏడిరా?" అన్నాడు కంట్రాక్టరు.

"భుజాల మీదున్నాడు బావా" అన్నాడు పెదనాన్న నెమ్మదిగా. "అంతకంటే మంచి సోటు నాకు కనబడలేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు. కంట్రాక్టరు ఆ పొట్టేలు కళ్లలోకి చాలాసేపు చూశాడు. మాకు తిట్లు తప్పవనుకున్నాం. ఆయన మాత్రం దండ చేత్తో పట్టుకునే బయటికి వెళ్లి, సమాధుల దొడ్డి వైపు నడిచాడు. మొదటి పాట అయ్యాక వట్టి చేతులతో తిరిగొచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు.

గుమ్మం దగ్గరే ఆగిపోయి ఇదంతా చూసిన మామ్మ అప్పుడు లోపలికి వచ్చింది. పొట్టేలుకేసి చెయ్యి చూపించి, "ఆడేనేటి?" అని పెదనాన్నను గుసగుసగా అడిగింది.

"ఆడేనమ్మా."

"ఆ బాబుకి బరువైపోడేటిరా?"

"మోస్తాడులే."

మామ్మ తన చోట చతికిలబడి కొంగు తల మీదికి లాక్కుంది. ప్రార్థనలో కళ్లు మూసుకుందో లేదోనని నేను ఒక కన్ను తెరిచి చూశాను. మూసుకుంది.

పెద్దయ్యాక శాఖా గ్రంథాలయంలో ఐరోపా చిత్రకళ మీద ఒక లావుపాటి పుస్తకం దొరికితే అక్కడే కూర్చుని పూర్తిగా చదివాను. బొమ్మకు ఖర్చు భరించిన ధనవంతులు, పరిశుద్ధుల పక్కన మోకరించినట్టు తమనూ అందులో వేయించుకునేవారట. మనిషి కోరిక అన్నిచోట్లా ఒకటే అనుకున్నాను. మోషే కాలంలో ఎడారిలో గుడిగా నిలిపిన ప్రత్యక్ష గుడారానికి తెరలు నేసే నేర్పు ఇచ్చింది దేవుడే. దేవుడికి బదులు మొక్కడానికి బంగారు దూడను పోతపోసిందీ ఆ జనంలోని నేర్పరి చేతులే. మా గుడికి కొత్త భవనం వచ్చింది, పెదనాన్న బొమ్మ పాత గోడతోపాటే పోయింది. ఇప్పుడు క్రిస్మసుకు కట్టే ఫ్లెక్సీల్లో బాలయేసు పడుకున్న పశువులతొట్టి కంటే దాతల ముఖాలే పెద్దవి.

ఏదైనా గుడిలో బొమ్మ బాగుందా అని నన్నెవరైనా అడిగితే, రంగులు చూడ్డానికి ముందు నేను ఆ గుడిలోని మనుషులను తలుచుకుంటాను. వాళ్లందరిలో ఎక్కువ దెబ్బతిన్న మనిషి దీని ఎదుట కూర్చుని, భయం లేకుండా కళ్లు మూసుకోగలదా?