పదకొండో పేజీ అడుగున తేదీ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క కాగితం బరువు. తూచితే ఐదు గ్రాములుండదు. తూకం యంత్రాల మధ్య బతికినవాణ్ని కనుక తూచి కూడా చూశాను. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ నా వేళ్ల మీద నాకే రోత పుడుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివరి సంవత్సరాలు. నిజామాబాదులో తూకం డబ్బాలు తయారుచేసే చిన్న కార్ఖానాలో పనిచేసేవాణ్ని. డబ్బా లోపల ఒక చిప్పు ఉంటుంది. కంప్యూటరులో సరైన ఆదేశం కొడితే ప్రోగ్రాము తయారవుతుంది. దాన్ని చిప్పులోకి ఎక్కిస్తేనే డబ్బా అంకెలు చూపుతుంది. ఏ ఆదేశం ఎలా కొట్టాలో చెప్పే పుస్తకం నాది. ప్రతి పేజీ అడుగున తేదీ, నా పొడి సంతకం. తేదీ లేనిది చిత్తుకాగితమని అందరికీ చెప్పేవాణ్ని. పుస్తకం మొత్తంలో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. దాన్ని నేను శుభ్రత అనుకున్నాను.

డిసెంబరు ఐదున ప్రోగ్రాము తయారుచేసే సాఫ్ట్‌వేరుతో కొత్త ఫ్లాపీలు వచ్చాయి, వాటితో ఒక చీటీ. ఆదేశం మారిందట. ఇకపై చివర కాంటా రకం కూడా రాయాలి. రాయకపోతే కంప్యూటరు తప్పని చెప్పదు. పసుపు బస్తాలు తూచే చిన్న కాంటా లెక్కను మౌనంగా చిప్పులో నింపేస్తుంది. చదివాను. అర్థమైంది. పదకొండో పేజీలో పెన్నుతో ఒక్క మాట చేరిస్తే సరిపోయేది. ఎందుకు చేర్చలేదు? మరచిపోయానా? లేదు. అచ్చయిన తెల్లని పేజీ మీద సిరా గీత చూడలేక, పుస్తకమంతా తీరిగ్గా తిరగరాద్దామని చీటీని సొరుగులో పెట్టాను. పద్నాలుగు రోజులు అది అక్కడే ఉంది.

పదిహేడున రాజమణి ఆ పేజీని ముందు పెట్టుకుని, బోధన్ వైపు చెరుకు కాంటా కోసం చిప్పు తయారుచేసింది. భీమ్‌గల్ నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇద్దరు పిల్లల తల్లి. బీడీలు చుట్టే చాట వదిలి ఈ పని నేర్చుకుని ఆరేళ్లు. పంతొమ్మిది ఉదయం ఒక రైతు తన బండిని రెండు కాంటాల మీద తూచి చూసుకున్నాడు. మాది క్వింటాళ్ల కొద్దీ తక్కువ చూపింది. చెరుకు బండ్లు రోడ్డుకు అడ్డం తిరిగాయి.

మా యజమాని బోధన్ వెళ్లి తిరిగి వచ్చేలోగా నేను పదకొండో పేజీని కొత్తగా అచ్చు వేశాను. చేర్చవలసిన మాట చేర్చాను. అడుగున ఆ రోజు తేదీ కాక ఎనిమిదో తేదీ వేసి సంతకం చేశాను. పాత పేజీ తీసి, కొత్తది పుస్తకంలో పెట్టాను. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. అదే నాకు ఇప్పటికీ అసహ్యం కలిగిస్తుంది.

యజమాని పుస్తకాన్ని రాజమణి ముందు పడేశాడు.

"ఏందమ్మా, గింత సక్కగ రాసుంటే సగం సదివి కొడ్తివా? చెరుకు బండ్లను పసుపు సంచులనుకున్నవా?"

"లేదన్నా, నేను సూసినప్పుడు గీ మాట లేకుండె." ఆమె పేజీ మీదకు వంగింది. తేదీ దగ్గర ఆగింది. "ఎన్మిదో తారీఖు... సారు తారీఖు తప్పెయ్యడు." నా వైపు చూసింది. "నా కండ్లే మోసం జేసినయేమో సారూ?"

"తేదీ చూసుకోవాలి కదమ్మా," అన్నాను.

మూడు మాటలు. ఆ శనివారంతో ఆమె పని పోయింది.

నాకు ఏ శిక్షా పడలేదు. పైగా పుస్తకం సరిగ్గా ఉన్నందుకు మెచ్చుకున్నారు. ఆ మెప్పును నేను అందుకున్నాను. భయపడి చేశానని చెప్పుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. కానీ భయపడినవాడు అంత నేర్పుగా, పాత పేజీకి, కొత్త పేజీకి మధ్య అంచుల కొలత కూడా తేడా రాకుండా చూసుకుంటాడా?

మూడేళ్ల తరువాత నిజామాబాదు బస్టాండులో కనబడింది. మళ్లీ బీడీలే చుడుతోందట. తనే నమస్కారం పెట్టింది.

"కండ్ల డాక్టరుకు సూపెట్టుకున్న సారూ. మంచిగనే ఉన్నయన్నడు. అయినా నమ్మిక లేదు. బస్సు బోర్డు గూడ రెండుసార్లు సదివే ఎక్కుత."

నేను తల ఊపాను. అప్పుడూ చెప్పలేదు.

పాత పేజీని నేను చింపలేదు. రుజువులు దాచడం నా అలవాటు. ఇప్పుడది నా ముందుంది, ఆమె బొటనవేలి నూనె మరకతో. ఆ మరక కింద ఉన్న ఆదేశాన్ని ఆమె ఒక్క అక్షరం తప్పకుండా కొట్టింది. దాని వెనుక ఇప్పుడే రాశాను: "డిసెంబరు పంతొమ్మిది వరకు పుస్తకంలో ఉన్న పేజీ ఇదే. రాజమణి చదివింది ఇదే." రాస్తూ ఆమె పేరులో ఒక అక్షరం తప్పాను. కొట్టివేసి, పక్కన సరిగ్గా రాశాను.

వికారంగా కనిపిస్తోంది. తిరగరాయను.