మామ బెల్లంలో నా కోకో

ఒక్క డబ్బా కోకో పొడితో ఖాయమైన పెళ్ళిని చెడగొట్టుకోబోయిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, మీ ఇష్టం. మీకంటే ముందే బాన్సువాడ వారపు అంగడంతా నవ్వింది.

నిజాంసాగర్ కాలువ నీళ్ళతో మా వైపు చెరుకు విరగబండుతున్న రోజులవి. హైదరాబాదులో రెండేళ్ళు చదివి, అక్కడ ఎవరింట్లోనో నాలుగు కప్పులు కోకో తాగి, దొరలకు పుట్టినవాడిలా తిరిగొచ్చాను. బెల్లం మోటువాళ్ళ తిండట, కోకో నాగరికుల పానీయమట! అలా వాగిన వెధవకు అప్పటికి మీసం కూడా సరిగా రాలేదు.

బీర్కూరు దగ్గర మా మేనమామ నర్సయ్య చెరుకు గానుగ ఆడిస్తున్నాడు. ఆయన కూతురు బుచ్చమ్మతో నాకు పెళ్ళి మాట అయింది. గానుగ పని ముగియగానే ముహూర్తం. మా అంగడిలో బెల్లాన్ని ముందు కంటితో చూస్తారు, రంగు నచ్చితేనే నాలిక మీద వేసుకుంటారు. మామ బెల్లం బంగారు రంగు. ఆ రంగే ఆయన పరువు. పట్నం నుంచి తెచ్చిన కోకో డబ్బాతో ఒకరోజు ఆయన గానుగ దగ్గరికి వెళ్ళాను.

"ఏంది అల్లుడా, గా డబ్బల మట్టి?"

"మట్టి కాదు మామా, కోకో! గిది కలిపితే నీ బెల్లం పట్నం చాక్లెటైతది."

"గవన్నీ మనకొద్దు. ఇగ ఊకో."

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మామ ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళగానే, ఉడుకుతున్న పాకంలో డబ్బా మొత్తం కుమ్మరించాను. ఆయన తిరిగొచ్చేసరికి కడాయిలో పాకం తారులా ఉంది.

"మాడగొట్టినవురా!"

"మాడలేదు మామా. అంగడిల చూడు, ఎట్ల ఎగబడతరో."

అంగడిలో ఆ నల్ల ముద్దల ముందు నేనే కూర్చున్నాను, వెనక మామ. రంగు చూసి ఎవరూ దగ్గరికి రాకపోతే బతిమాలాను; కిరాణా కొట్టు ఇస్మాయిల్ భాయ్ ఒక ముక్క కొరికి మొహం చిట్లించాడు. "అరె భాయ్, దవాఖానల పోసే మందు లెక్కుంది!" ఒక అవ్వ కింద ఉమ్మేసి, తర్వాతది నా మీదే అన్నట్టు చూసింది.

చివరికి ఒక తలపాగా ఆసామి వచ్చి, "మొత్తం నేనే కొంట. ఇంక చేస్తవా?" అన్నాడు.

"చూసినవా మామా, రుచి తెలిసినోడు!" అని నేను పొంగిపోయాను.

మామ నెత్తి కొట్టుకున్నాడు. "గాడు దొంగసారా కాసెటోడురా! నల్లబెల్లం గసొంటోళ్ళే కొంటరు. నా బెల్లం సారా బట్టీకి పోవుడా? సంబంధం లేదు, ఏం లేదు, నడువ్!"

ముద్దలన్నీ అమ్మకుండానే మామ ఇంటికి తెచ్చాక ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఆయన కరగలేదు. తలుపు చాటు నుంచి బుచ్చమ్మ గొంతు వినబడింది. "సంబంధం ఇడువకు నాయినా. చేసినోడే తినాలె. గా బెల్లమంత బావ తిన్నంకనే లగ్గం పెట్టు."

అది ప్రేమనుకుని మురిసిపోయాను, చూడండి నా తెలివి! పొద్దున బెల్లం, మధ్యాహ్నం బెల్లం, రాత్రి మళ్ళీ బెల్లం. ఆ ముద్దలు అయిపోయేసరికి మరుసటి పంట గానుగకొచ్చింది.

పెళ్ళిపీటల మీద బుచ్చమ్మ నా నెత్తిన జీలకర్ర బెల్లం పెడుతుంటే కోకో వాసన గుప్పుమంది. ఆఖరి ముక్కను దాచి మరీ నూరించిందట!

ఆ జిడ్డు నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఎవరి నాలికకూ పాఠం చెప్పను.