కుడి అంటే ఏ చెయ్యి?

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా పెదనాన్నతో కలిసి యూటా ఎడారి చూశాను. ఆయన అక్కడే అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో కార్ల ఇంజినీరు. వారమంతా కొత్త బండ్లతో కుస్తీ పట్టి, సెలవు దొరికితే చాలు, తన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో రోడ్డు లేని చోటు వెతుక్కుంటూ పోయేవారు. ఇంట్లో అందరూ ఆయనకి పిచ్చి అనేవారు. ఆ వేసవి మిగతావాళ్లు మోటెల్‌లో ఉండిపోతే, ఆ పిచ్చిలో వాటాకి నేనొక్కదాన్నే బయల్దేరాను.

తారు రోడ్డు వదిలిన రెండు గంటలకి లోకమంతా ఎర్రబడిపోయింది. ఎర్రమట్టి, ఎర్రరాళ్లు, అద్దాల మీద ఎర్రటి దుమ్ము. దూరంగా నీళ్లు మెరిసేవి, దగ్గరికి వెళితే ఉండేవి కావు. బండి ఊగుతుంటే నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో తేలుతున్నట్టుండేది. ఇంజను ఆపితే ఎంత నిశ్శబ్దమో! గట్టిగా మాట్లాడితే ఏదో పాడైపోతుందని గుసగుసలాడేదాన్ని.

మధ్యాహ్నానికి ఒక రాతి ఎత్తు ఎదురైంది. దాని కొసకి చేరేసరికి డ్రైవరుకి బానెట్, దాని మీద ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. మామూలుగా అయితే ఆయనే దిగి చూసి వచ్చేవారు. కానీ ఆ వాలులో చేతి బ్రేకు పట్టడం లేదు, కాలు తీస్తే బండి వెనక్కి జారుతోంది.

"అమ్మలూ, నువ్వు దిగి పైకెళ్లి చూడు. దారి ఎటుందో చెప్పు, అటు స్టీరింగ్ తిప్పుతా. కుడి అంటే అన్నం తినే చెయ్యి, ఓకేనా?" అన్నారు.

ఆ మాటే నా కొంప ముంచింది. నాది ఎడమచేతి వాటం. కంచం ముందు ఎడమచెయ్యి లేస్తే అమ్మ కళ్లెర్రజేసేది, అందుకని ఎవరూ చూడనప్పుడు ఆ చేత్తోనే తినేదాన్ని. ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. పైకెక్కి చూస్తే దారి కుడివైపు తిరిగింది, ఎడమవైపు లోయ. కానీ నా లెక్కలో లోయ వైపున్నదే అన్నం తినే చెయ్యి, అంటే అది కుడి, దారున్నది ఎడమ.

"పెదనాన్నా, ఎడమకి!" అని అరిచాను.

బండి లోయవైపు తిరిగింది. ముందు చక్రం అంచుకి వచ్చి, దాని కింద నుంచి రాళ్లు జారాయి. అవి అడుగున పడిన చప్పుడు చాలాసేపటికి గాని వినిపించలేదు. నేను కెవ్వుమన్నాను. ఆయన బ్రేకు తొక్కి, అంగుళం అంగుళం వెనక్కి దింపి, చదునులో బండి ఆపి పైకొచ్చారు. అంచునీ, దారినీ, నన్నూ చూశారు. చంపేస్తారనుకున్నాను. ఏ చేత్తో తింటావమ్మా అని మాత్రం అడిగారు. వెక్కుతూ ఎడమచెయ్యి ఎత్తాను.

"అయితే మిస్టేక్ నాదే. నీ చెయ్యి ఏదో అడక్కుండా నా చెయ్యి లెక్కన చెప్పాను."

నీడలో కూర్చుని పులిహోర డబ్బా తెరిచాం. ఆయన పనిగట్టుకుని ఎడమచేత్తో తినబోయి సగం చొక్కా మీద పోసుకున్నారు. రోజూ నిన్ను ఇంత అవస్థ పెడుతున్నామా అంటే ఏడుపులోనే నవ్వొచ్చింది. ఒక మనిషి ఎదురుగా, నా చేత్తో, మొదటిసారి కడుపునిండా తిన్నాను.

తిన్నాక ఆయన మళ్లీ బండెక్కి నన్నే ముందుకి పంపారు. ఈసారి కుడీ ఎడమా వద్దన్నారు. బండి వెళ్లాల్సిన వైపు బండరాయి మీద నిలబడి పసుపు తువ్వాలు పైకెత్తితే చాలట, దాన్నే చూసుకుంటూ వస్తారట. రాయెక్కి రెండు చేతులతో తువ్వాలు ఎత్తాను. బానెట్ ఆకాశంలోకి లేచి, ఎండలో ఒక్క క్షణం ఆగి, మెల్లగా నా వైపు వంగింది. అంత పెద్ద బండి నా తువ్వాలుని నమ్ముకుని వస్తోంది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

పైకొచ్చి చూసినప్పుడే దారి ఆయనకి తెలిసిపోయిందనీ, ఆ తర్వాత నా అవసరమే లేదనీ నాకు చాలా ఏళ్లకి గాని తట్టలేదు. తట్టిన రోజు ఫోన్ చేసి చెబుదామంటే ఆయన లేరు. ఆఫీసులో కాఫీ కలుపుకుంటూ ఏడ్చాను.

నాకిప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. నా కింద పనిచేసేవాళ్లు ఎవరైనా పని చెడగొడితే, నేను చెప్పింది వాళ్లకి ఎలా అర్థమైందో ముందు అడుగుతాను. ఆ పని మళ్లీ వాళ్లకే ఇస్తాను. మర్నాటికి వాయిదా వెయ్యను, ఆ రోజే ఇస్తాను.